పూతమందుకు ముందు పరీక్ష: విశాఖలో మొండి చర్మవ్యాధులను గుర్తించి నయం చేసుకోవడానికి సమగ్ర మార్గదర్శి

గాజువాక వైపు కర్మాగారాల్లో మందపాటి యూనిఫాం, బూట్లు, హెల్మెట్‌తో షిఫ్టు చేసే కార్మికుడికీ, ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామునుంచి ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచే స్త్రీకీ, అరకు, పాడేరు తోటల్లో చెప్పులు లేకుండా తిరిగే రైతుకూ చర్మం మీద వచ్చేదాన్ని మనం సాధారణంగా ఒకే మాటతో "తామర" అనో "గజ్జి" అనో అనేస్తాం. మందుల షాపులోనూ ముగ్గురికీ ఒకే ట్యూబు చేతికిస్తారు. అయితే మొదటి వ్యక్తికి ఉన్నది ఫంగస్ కావచ్చు, రెండో ఆమెది చేప ముల్లు గుచ్చుకున్నచోట చేరిన బ్యాక్టీరియా కావచ్చు, మూడో వ్యక్తిది కుష్ఠు కావచ్చు. విశాఖలో సముద్రం, ఉక్కపోత, అడవి మూడూ దగ్గరదగ్గరగా ఉండడంవల్ల ఇక్కడి చర్మవ్యాధుల్లో ఈ వైవిధ్యం ఎక్కువ. అందువల్ల ఈ వ్యాసం మందులతో కాక, జబ్బు పేరు తేల్చుకునే పద్ధతితో మొదలవుతుంది. ఇది వైద్యుడికి ప్రత్యామ్నాయం కాదు. వైద్యుడి ముందు కూర్చున్నప్పుడు ఏమి చెప్పాలో, ఏ పరీక్ష అడగాలో, ఇచ్చిన మందు ఎలా వాడాలో తెలియజేయడమే దీని ఉద్దేశం.

మొదటి మెట్టు: చేతిలో ఉన్న ట్యూబును పక్కన పెట్టడం

ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదవండి. క్లోబెటసోల్, బీటామెథసోన్, మొమెటసోన్, బెక్లోమెథసోన్, ఫ్లూటికసోన్ అనే పేర్లలో ఏది కనిపించినా అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. కీటోకొనజోల్, లులికొనజోల్, క్లోట్రిమజోల్ వంటి "జోల్" మందులు ఫంగస్‌ను అణిచేవి. క్లోబెటసోల్ చివర ఉన్న "సోల్" చూసి దాన్నీ ఈ కోవలో కలిపేసుకునేవారు తరచూ కనిపిస్తారు. నిజానికి అది స్టెరాయిడ్లలోకెల్లా ఘాటైన వాటిలో ఒకటి. స్టెరాయిడ్, ఫంగస్ మందు, రెండు యాంటీబయాటిక్‌లు కలిపిన క్రీములు మన మార్కెట్లో చౌకగా దొరుకుతాయి. వాటిని రాసిన రెండు రోజులకే దురద తగ్గుతుంది కాబట్టి జనానికి వాటిమీద నమ్మకం కుదురుతుంది. స్టెరాయిడ్ ఎర్రదనాన్ని, దురదను మాత్రమే అణుస్తుంది, చర్మపు రోగనిరోధక శక్తిని కూడా అణిచేస్తుంది కాబట్టి ఫంగస్ ఆ చాటున మరింత విస్తరిస్తుంది. పూత ఆపిన వారంలోపే మచ్చ రెట్టింపై తిరిగి వస్తుంది. ఇలా రూపం మారిపోయిన తామరను వైద్యులు "టీనియా ఇన్‌కాగ్నిటో" అంటారు, అంటే మారువేషంలో ఉన్న తామర. గజ్జల్లో నెలల తరబడి రాసినవారికి చర్మం పలచబడి వెడల్పాటి చారలు పడతాయి. తామర నయమైనా ఆ చారలు పోవు. 2018లో కేంద్ర ప్రభుత్వం చర్మంపై రాసే పలు స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్‌లో చేర్చి, వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని నిర్దేశించింది. ఆ నియమం ప్రతి కౌంటరు దగ్గరా అమలవుతోందని నేను అనుకోను.

రాస్తున్న క్రీము ఏదైనా దాన్ని పారేయకుండా దాచి వైద్యునికి చూపించండి. ఫంగస్ మందు రాస్తూ ఉంటే పరీక్షలో ఫంగస్ కనిపించకపోవచ్చు కాబట్టి, వైద్యుడు వద్దనకపోతే, నమూనా ఇచ్చేముందు ఒకటి రెండు వారాలు పూత ఆపడం మంచిది. ఆ వ్యవధిలో దురద భరించలేనిదైతే దురద తగ్గించే మాత్ర అడగవచ్చు, మామూలు కొబ్బరినూనె రాసుకోవచ్చు.

రెండో మెట్టు: మచ్చను చూడడం, దాని చరిత్ర రాసుకోవడం

పగటి వెలుగులో, పక్కన ఒక రూపాయి నాణెం పెట్టి ఫోటో తీసుకోండి. వారం వారం అదే కోణంలో తీస్తే మచ్చ పెరుగుతోందో తగ్గుతోందో వాదనకు తావు లేకుండా తెలుస్తుంది. అంచు, నడిమి భాగం, ఉన్న చోటు, స్పర్శ అనే నాలుగింటిని విడివిడిగా గమనించాలి.

తామరలో అంచు ఎర్రగా, కాస్త ఎత్తుగా, పొలుసులతో ఉంటుంది, నడిమి భాగం తేరుకున్నట్టు కనిపిస్తుంది. గజ్జల్లో వచ్చినప్పుడు పురుషులలో వృషణాల చర్మం సాధారణంగా తప్పించుకుంటుంది. ఆ చర్మం కూడా ఎర్రబడి, ప్రధాన మచ్చకు కాస్త దూరంగా చిన్న చిన్న పొక్కులు చిమ్మినట్టు కనబడితే కాండిడా అనే ఈస్టును (ఇదీ ఒక రకం ఫంగసే) అనుమానించాలి. మధుమేహం అదుపులో లేనివారిలోనూ, రొమ్ముల కింద, పొట్ట మడతల్లో చెమట నిలిచేవారిలోనూ ఇది ఎక్కువ. నిత్యం నీళ్లలో చేతులు తడిపేవారికి మూడో, నాలుగో వేళ్ల సందులో చర్మం తెల్లగా నాని ఒరిసిపోవడం కూడా చాలావరకు దీని పనే. చంకల్లో, గజ్జల్లో పెద్దగా దురద లేకుండా గోధుమరంగు పలక పరిచినట్టు ఉండేది ఎరిత్రాస్మా. అది ఫంగస్ కాదు, బ్యాక్టీరియా. ఏళ్ల తరబడి ఫంగస్ మందులు వాడినా తగ్గలేదని వచ్చేవారిలో ఇదీ ఒక కారణం.

ఛాతీ, వీపు, మెడ మీద తెల్లగానో లేత గోధుమరంగులోనో వచ్చే శోభి మచ్చలు మలసీజియా అనే ఈస్టువల్ల వస్తాయి. గోటితో మెల్లగా గీరితే సన్నని పొట్టు లేస్తుంది. విశాఖ ఉక్కపోతలో ఇది ఎంత మామూలంటే చాలామంది దీన్ని జబ్బుగానే లెక్కచేయరు.

తెల్లమచ్చ లేదా రాగిరంగు మచ్చ కనిపించినప్పుడు ఇంట్లోనే చేయగల పరీక్ష ఒకటి ఉంది. కళ్లు మూసుకోమని చెప్పి, దూది కొసతో మచ్చమీద, ఆ తర్వాత పక్కనున్న మామూలు చర్మం మీద తాకించి, తగిలిన చోటును వేలితో చూపించమనండి. మచ్చమీద స్పర్శ తెలియకపోతే కుష్ఠును అనుమానించాల్సిందే. బహుళ ఔషధ చికిత్స ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం, మచ్చల సంఖ్యను బట్టి ఆరు నెలలు లేదా పన్నెండు నెలలు వాడితే నయమవుతుంది. అలాంటి మచ్చను శోభి అనుకుని రెండేళ్లు షాంపూ రాయడంకంటే విచారకరమైన ఆలస్యం చర్మవైద్యంలో మరొకటి లేదు.

ఇంట్లో మరొకరికీ రాత్రిళ్లు దురద ఉందా, వేళ్ల సందులు, మణికట్టు, బొడ్డు చుట్టూ సన్నని గీతలు, పొక్కులు ఉన్నాయా అని కూడా చూడండి. ఉంటే అది గజ్జి, అంటే కంటికి కనబడనంత చిన్న పురుగు. దీనికి 5 శాతం పెర్మెత్రిన్ క్రీమును మెడనుంచి అరికాళ్లదాకా రాత్రంతా ఉంచి, వారం తర్వాత మళ్లీ రాయాలి. ఇంట్లో అందరూ ఒకేరోజు రాయకపోతే ఫలితం ఉండదు.

చరిత్రలో వైద్యుడు అడగకపోయినా చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. మీ పని ఏమిటి, చేపలు, ఉప్పునీరు, మట్టి, ముళ్లు, పశువులతో సంబంధం ఉందా, గాయం తగిలి ఎన్నాళ్లకు గడ్డ మొదలైంది, ఇటీవల ఇంజెక్షనో శస్త్రచికిత్సో జరిగిందా, మధుమేహం ఉందా, కాలేయం ఎలా ఉంది, మద్యం అలవాటు ఉందా, గత ఆరు నెలల్లో రాసినవి, మింగినవి ఏమిటి. నాటుమందుల సంగతి దాచవద్దు.

మూడో మెట్టు: నమూనా తీయించడం

చర్మపు పొట్టులో ఫంగస్ ఉందో లేదో చూసే కె.ఓ.హెచ్. పరీక్ష చవకైనది, చాలా వేగవంతమైనది. విశాఖలో 1923 నుంచి పనిచేస్తున్న కింగ్ జార్జి ఆసుపత్రి వంటి బోధనాసుపత్రి చర్మవిభాగంలోనూ, మైక్రోబయాలజీ ఉన్న ఏ ల్యాబులోనూ ఇది సాధ్యమే. స్పిరిట్‌తో తుడిచి, మచ్చ అంచునుంచి మొద్దు బ్లేడుతో పొట్టును గీరి, గాజుపలక మీద 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో పది ఇరవై నిమిషాలు నానబెట్టి సూక్ష్మదర్శినిలో చూస్తారు. చర్మకణాలు కరిగిపోయి ఫంగస్ దారాలు మాత్రం మిగులుతాయి. తామరైతే అడ్డగోడలున్న పొడవాటి దారాలు, శోభి అయితే పొట్టి దారాలతోపాటు గుండ్రటి కణాల గుత్తులు కనిపిస్తాయి. నమూనా నడిమి భాగంనుంచి కాక పెరుగుతున్న అంచునుంచే తీయాలి, ఎందుకంటే ఫంగస్ బలంగా ఉండేది అక్కడే. గోటి విషయంలో చివర కత్తిరించిన ముక్కకంటే, గోటి కింద మూలంవైపున్న పిండిలాంటి పదార్థం విలువైనది.

వుడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత కాంతి దీపం కింద ఎరిత్రాస్మా పగడపు ఎరుపులో, శోభి బంగారు పసుపులో మెరుస్తాయి. మన దగ్గర ఎక్కువగా కనిపించే ట్రైకోఫైటాన్ అనే ఫంగస్‌వల్ల వచ్చే తామర మాత్రం సాధారణంగా మెరవదు కాబట్టి, దీపం కింద ఏమీ కనబడలేదు గనుక ఫంగస్ లేదనడం పొరపాటు.

నమూనాలోని సూక్ష్మజీవిని ల్యాబులో పెంచి గుర్తించే కల్చర్ పరీక్ష అన్నిసార్లూ అవసరం లేదు. రెండుసార్లు సరైన చికిత్స చేసినా తిరగబెట్టినప్పుడు, గోళ్లు, తల వెంట్రుకలు పాడైనప్పుడు, అసాధారణమైన గడ్డలు, మానని పుండ్లు ఉన్నప్పుడు తప్పనిసరి. ఫలితానికి నాలుగు వారాలు పట్టవచ్చు.

గడ్డనుంచి ముక్క తీసి పరీక్షించే బయాప్సీ విషయంలో ఒక్క జాగ్రత్తను గట్టిగా చెప్పాలి. ముక్కను రెండుగా చేసి, ఒకదాన్ని ఫార్మలిన్‌లో, రెండోదాన్ని స్టెరైల్ సెలైన్‌లో పంపాలి. ఫార్మలిన్‌లో పడిన ముక్కలో సూక్ష్మజీవులన్నీ చచ్చిపోతాయి కాబట్టి దానితో ఇక కల్చర్ చేయలేరు. ఈ చిన్న పొరపాటువల్ల రోగి మళ్లీ కత్తికి సిద్ధపడవలసి వస్తుంది. ల్యాబుకు పంపే కాగితం మీద అనుమానాన్ని, రోగి వృత్తిని రాయమని వైద్యుని అడగండి. "చేపల పని, మైకోబాక్టీరియా అనుమానం" అని ఉంటేనే ల్యాబువారు క్షయ బ్యాక్టీరియా కోవకు చెందిన ఆ సూక్ష్మజీవికి తగిన ఉష్ణోగ్రతలో, తగినన్ని రోజులు ఉంచుతారు.

నాలుగో మెట్టు: అరుదైనవాటిని వృత్తిని బట్టి వెతకడం

సముద్రంతో మొదలుపెడదాం. రొయ్యలు ఒలిచే ఆమెకు వేలికి ముల్లు గుచ్చుకుందనుకుందాం. రెండు రోజుల నుంచి వారం లోపల వేలు ఊదారంగులో ఉబ్బి, మంట పుట్టి, అంచు స్పష్టంగా ఉండి, చీము మాత్రం లేకపోతే అది ఎరిసిపెలాయిడ్ కావచ్చు. ఎరిసిపెలోథ్రిక్స్ అనే ఈ బ్యాక్టీరియా పెన్సిలిన్‌కు చక్కగా లొంగుతుంది. అలా కాక రెండు మూడు వారాలో, రెండు నెలలో గడిచాక నొప్పి పెద్దగా లేని బుడిపె లేచి, పుండుపడి, చేతిమీద వరసగా పైకి మరికొన్ని బుడిపెలు పాకితే మైకోబాక్టీరియం మారినం గుర్తుకు రావాలి. అక్వేరియం తొట్టెలు కడిగేవారికీ ఇది వస్తుంది. క్షయ బ్యాక్టీరియాకు దగ్గర బంధువే అయినా ఇది 30 నుంచి 32 డిగ్రీల వద్ద బాగా పెరుగుతుంది. మామూలుగా 37 డిగ్రీల వద్ద ఉంచిన కల్చర్‌లో మొలకెత్తకపోవచ్చు, అప్పుడు రిపోర్టులో "పెరుగుదల లేదు" అని వస్తుంది. క్షయ మందుల్లో పైరజినమైడ్ దీనిమీద పనిచేయదు. క్లారిత్రోమైసిన్, ఇథాంబ్యుటాల్ వంటి మందులను మూడు నాలుగు నెలలపాటు, మచ్చలు తగ్గాక కూడా ఒకటి రెండు నెలలు కొనసాగించవలసి ఉంటుంది.

సముద్రానికి సంబంధించిన మూడో జబ్బుకు నెలల వ్యవధి ఉండదు. విబ్రియో వల్నిఫికస్ అనే బ్యాక్టీరియా ఉప్పునీటిలో తడిసిన పుండులోంచి ప్రవేశిస్తే, గంటల వ్యవధిలో కాలు వాచి, నెత్తుటి నీటిపొక్కులు లేచి, ప్రాణం మీదికి తెస్తుంది. కాలేయవ్యాధి, మధుమేహం ఉన్నవారికి ప్రమాదం మరీ ఎక్కువ. పుండున్న కాలితో రుషికొండ అలల్లో దిగే సరదా వారికి తగదు. చూడడానికి కనిపించేదానికంటే నొప్పి ఎక్కువగా ఉండడం, జ్వరం, నల్లబడుతున్న చర్మం, గంటగంటకూ జరిగే ఎర్రటి అంచు ఉంటే చర్మవైద్యుని అపాయింటుమెంటు కోసం ఆగకుండా నేరుగా క్యాజువాలిటీకి వెళ్లాలి. దారిలో ఆ అంచు మీద పెన్నుతో గీత గీసి సమయం రాసుకుంటే వైద్యునికి వేగం అర్థమవుతుంది.

మట్టి, ముల్లు సంగతి వేరు. పాదం మీద నొప్పిలేని గట్టి వాపు ఏళ్ల తరబడి పెరుగుతూ, రంధ్రాలు పడి, వాటిలోంచి ఆవగింజకంటే చిన్న గింజలు రాలితే అది మైసెటోమా. 1842లో మదురైలో గిల్ అనే వైద్యుడు వర్ణించినందువల్ల దీనికి మదురా పాదమనే పేరు నిలిచింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. ఆ గింజలను గాజుగుడ్డలో పట్టి తీసుకువెళ్లడం రోగి చేయగల అతిపెద్ద సాయం. నల్లగింజ ఫంగస్‌ను సూచిస్తుంది, దానికి ఇట్రాకొనజోల్, శస్త్రచికిత్స అవసరమవుతాయి. తెలుపు, పసుపు గింజలు చాలావరకు, ఎర్రగింజలు దాదాపు ఎప్పుడూ బ్యాక్టీరియావే. వాటికి కోట్రైమాక్సజోల్, అమికాసిన్ వంటి యాంటీబయాటిక్‌లు చాలు, కాలు కోయవలసిన అవసరం సాధారణంగా రాదు. గింజ రంగు తెలుసుకోకుండా ఫంగస్ మందు మొదలుపెట్టడం చీకట్లో బాణం వేయడమే.

పాదం మీద గోబీపువ్వులాంటి పులిపిరి పలక నెమ్మదిగా వ్యాపిస్తే క్రోమోబ్లాస్టోమైకోసిస్‌ను, ముల్లు గుచ్చుకున్న చోటునుంచి దారం వెంట పూసలు గుచ్చినట్టు బుడిపెలు పాకితే స్పోరోట్రైకోసిస్‌ను బయాప్సీతో తేల్చుకోవాలి; రెండూ ఫంగస్ జబ్బులే. రెండోది మన దేశంలో హిమాలయాల దిగువ ప్రాంతాల్లోనే ఎక్కువ. ఇక్కడ అదే వరస కనిపిస్తే, ముఖ్యంగా చేపల పనివారిలో, ముందు మారినంను తోసిపుచ్చాలి.

వానాకాలంలో మధుమేహ రోగికి జ్వరంతోపాటు లోతైన చీముగడ్డలు వస్తే మెలియాయిడోసిస్‌ను మరిచిపోరాదు. ఇది తీరప్రాంతపు మట్టిలో, నిలవనీటిలో ఉండే బ్యాక్టీరియావల్ల వచ్చే జబ్బు. ఆ బ్యాక్టీరియా కల్చర్‌లో పెరిగినా "సూడోమోనాస్" అనే వేరే బ్యాక్టీరియాగా పొరపాటుగా రిపోర్టు రావచ్చు. సిరలోకి మందు కనీసం రెండు వారాలు, తర్వాత మాత్రలు కనీసం మూడు నెలలు అవసరం. ఇంజెక్షన్ పొడిచిన చోటో, ల్యాప్రోస్కోపీ కుట్టు దగ్గరో వారాల తర్వాత గడ్డకట్టి, 48 గంటల కల్చర్ శూన్యమని వస్తే వేగంగా పెరిగే మైకోబాక్టీరియాల కోసం ప్రత్యేక రంజకంతో చూడమని, ప్లేటును మరిన్ని రోజులు ఉంచమని అడగాలి.

ఐదో మెట్టు: తామర చికిత్సను సరిగ్గా చేయడం

అరుదైనవాటి గురించి ఎంత చెప్పినా, ఈ వ్యాసం చదివేవారిలో ఎక్కువమంది సమస్య మొండి తామరే. గత దశాబ్దంలో దేశమంతటా వ్యాపించిన తామర ఫంగస్‌కు 2020లో జపాన్ పరిశోధకులు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. స్క్వలీన్ ఎపాక్సిడేజ్ అనే జన్యువులో మార్పులవల్ల ఈ ఫంగస్‌లో అనేక రకాలమీద టెర్బినఫిన్ అనే ఫంగస్ మందు సరిగా పనిచేయదు. పాత పాఠ్యపుస్తకంలో రాసిన రెండు వారాల మాత్రలు చాలకపోవడానికి ఇదే ముఖ్యకారణం. ఇప్పుడు వైద్యులు ఎక్కువగా ఇట్రాకొనజోల్‌ను వాడుతున్నారు, నాలుగునుంచి ఎనిమిది వారాలు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ.

ఇట్రాకొనజోల్ గుళిక కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి. అందువల్ల దాన్ని భోజనం చేసిన వెంటనే వేసుకోవాలి. మన ఇళ్లలో పరగడుపున "గ్యాస్ మాత్ర" వేసుకునే అలవాటు ఎంతగా పాతుకుపోయిందో అందరికీ తెలిసినదే. పాంటోప్రజోల్, ఒమిప్రజోల్ వంటి ఆ మాత్రలు ఆమ్లాన్ని తగ్గించి ఇట్రాకొనజోల్‌ను ఒంటికి పట్టనివ్వవు. మందు పనిచేయలేదని డోసు పెంచేముందు వైద్యుడు ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలామంది విషయంలో జవాబు దొరుకుతుంది. గుండె బలహీనత ఉన్నవారు దీన్ని వాడరాదు. సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ వంటి కొలెస్ట్రాల్ మాత్రలు వాడేవారు ముందుగా చెప్పాలి. గర్భిణులు ఏ ఫంగస్ మాత్రనూ సొంతంగా వేసుకోరాదు. నెలకు మించి వాడేవారికి కాలేయ పరీక్ష అవసరం.

పూతమందు విషయంలో గుర్తుంచుకోవలసిన లెక్క రెండు, రెండు, రెండు. రోజుకు రెండుసార్లు, మచ్చ అంచుదాటి రెండు సెంటీమీటర్ల వరకు, మచ్చ పూర్తిగా పోయిన తర్వాత మరో రెండు వారాలు. చూపుడువేలి మొదటి గణుపు పొడవునా పిండిన క్రీము రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. నడుము చుట్టూ పెద్ద మచ్చ ఉన్నవారు నెలకు ఒక చిన్న ట్యూబుతో సరిపెట్టుకుంటున్నారంటే వారు మందు రాయడం లేదనే అర్థం.

శోభికి కీటోకొనజోల్ 2 శాతం షాంపూను ఒంటికి రాసి ఐదు నిమిషాలుంచి కడిగితే సరిపోతుంది. టెర్బినఫిన్ మాత్ర దీనిమీద పనిచేయదు. కాండిడాకు నిస్టాటిన్ పనిచేస్తుంది గానీ తామరమీద చేయదు.

ఆరో మెట్టు: ఇల్లు, బట్టలు, మొలతాడు

చికిత్స ఎంత బాగా సాగినా ఇంట్లో తువ్వాలు ఒకటే అయితే ప్రయోజనం లేదు. మచ్చలున్న ప్రతివారూ ఒకేసారి చికిత్స మొదలుపెట్టాలి. లోదుస్తులు, తువ్వాళ్లు, దుప్పట్లు వేడినీటిలో నానబెట్టి, తిరగేసి ఎండలో ఆరేయాలి. అక్టోబరు, నవంబరు తుపాను రోజుల్లో అపార్టుమెంటు బాల్కనీలో బట్టలు మూడు రోజులైనా ఆరవు కాబట్టి, తొడిగేముందు కుట్ల వెంట వేడి ఇస్త్రీ చేయడం మంచి ఉపాయం. బిగుతైన జీన్సు పక్కన పెట్టి వదులైన నూలు బట్టలు వేసుకోవాలి. షిఫ్టు చేసేవారు బ్యాగులో రెండో జత సాక్సులు ఉంచుకోవాలి.

మొలతాడు గురించి చెప్పడానికి చాలామంది వైద్యులు మొహమాటపడతారు. తడిసి ఆరని ఆ దారంలో ఫంగస్ నిలిచి నడుము మచ్చను పదేపదే రగిలిస్తుంది. చికిత్స జరిగినన్ని నెలలు తీసేయడం ఉత్తమం. తీయడం ఇష్టం లేనివారు వారానికొకటి కొత్తది మార్చుకోవచ్చు, వెండిది అయితే రోజూ కడిగి తుడుచుకోవచ్చు. మణికట్టు దారాలకూ, తాయెత్తు తాడుకూ ఇదే వర్తిస్తుంది.

ఏడో మెట్టు: నయమైందో లేదో తేల్చుకోవడం

నాలుగు వారాల తర్వాత మొదటి రోజు ఫోటోతో పోల్చి చూడండి. కొత్త మచ్చలు పుడుతున్నా, అంచు ఇంకా ఎత్తుగా, పొలుసులుగా ఉన్నా మందు మార్చడానికి ముందు మళ్లీ కె.ఓ.హెచ్., వీలైతే కల్చర్ చేయించాలి. అంచు చదునై, పొలుసు, దురద పోయి, గోధుమరంగు నీడ మాత్రమే మిగిలితే అది జబ్బు కాదు, మానిన గాయపు మరక. కొన్ని నెలల్లో తనంతట తానే పలచబడుతుంది. శోభి తెల్లమచ్చలు కూడా ఫంగస్ చచ్చాక నెలల తరబడి అలాగే కనిపిస్తాయి. గీరితే పొట్టు లేవకపోతే మళ్లీ షాంపూ అవసరం లేదు.

పుప్పిగోళ్లకు ఓపిక కావాలి. చేతిగోరు పూర్తిగా మారడానికి సుమారు ఆరు నెలలు, కాలి బొటనవేలి గోరుకు ఏడాదినుంచి ఏడాదిన్నర పడుతుంది, మాత్రలు మూడు నాలుగు నెలలకే ఆపినా సరే. మొదటి రోజున, పాడైన గోరు, బాగున్న గోరు కలిసేచోట వైద్యునితో ఆకురాయి గీత ఒకటి పెట్టించుకోండి. నెలలు గడిచేకొద్దీ ఆ గీతా, పాడైన భాగపు సరిహద్దూ కలిసి ముందుకు జరుగుతుంటే మందు పనిచేస్తున్నట్టు. గీత ముందుకు జరిగినా పసుపురంగు దాన్ని దాటి మూలంవైపు వెనక్కి పాకుతుంటే, ఏడాది ఆగకుండా అప్పుడే కొత్త నమూనా ఇవ్వాలి.